లాజిక్ చదివితే సెక్యూరిటీలో చోటుంటుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను నరసరావుపేట దగ్గర ఒక కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నా. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో లాజిక్ చాప్టర్ చాలా నచ్చింది, ప్రూఫ్ రాస్తూ కూర్చుంటే టైమే తెలీదు. సెక్యూరిటీలో పీహెచ్‌డీ చేసి టీచింగ్‌లోకి వెళ్దామని ఉంది. సీనియర్లేమో లాజిక్ ఎవడిక్కావాలి, ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ చేయి, జాబ్ వస్తుంది అంటున్నారు. అసలు లాజిక్‌కీ సెక్యూరిటీకీ సంబంధం ఉందా?

జవాబు: చాలా ఉందమ్మా. ఎక్కడుందో తెలియాలంటే ఒక పాత సంగతి చెప్పాలి, కాస్త ఓపిగ్గా చదువు.

1978లో రోజర్ నీధమ్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు, నెట్‌వర్క్‌లో ఒకరినొకరు నిజంగా గుర్తుపట్టడానికి ఒక ప్రోటోకాల్, అంటే ఎవరు ఎప్పుడు ఏ మెసేజ్ పంపాలో చెప్పే నియమాలు, రాశారు. అందులో అసలు పని చేసేవి మూడే మూడు మెసేజ్‌లు. లక్ష్మి తన బ్యాంకుతో మాట్లాడాలనుకో, అప్పటికప్పుడు ఒక కొత్త నంబర్ పుట్టించి, దానికి తన పేరు కలిపి, బ్యాంకు మాత్రమే తన కీతో విప్పగలిగేలా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య లిపిలోకి మార్చి, పంపుతుంది. బ్యాంకు దాన్ని విప్పి, ఆ నంబర్‌కి తనొక కొత్త నంబర్ జత చేసి, లక్ష్మి మాత్రమే విప్పగలిగేలా తిరిగి పంపుతుంది. లక్ష్మి బ్యాంకు నంబర్‌ని మళ్లీ బ్యాంకుకే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది, అయిపోయింది. సరైన కీ ఉన్నవాళ్లే విప్పగలరు కాబట్టి అవతలున్నది అసలు మనిషేనని ఇద్దరికీ నమ్మకం కుదరాలి.

1989లో బరోస్, అబాదీ, నీధమ్ కలిసి, ఇలాంటి ప్రోటోకాల్స్‌లో ఎవరు దేన్ని నమ్ముతున్నారు, ఎందుకు నమ్మొచ్చు అన్నది ఫార్ములాల్లో రాయడానికి ఏకంగా ఒక లాజిక్కే తయారుచేశారు, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్నే బ్యాన్ లాజిక్ అంటారు. వాళ్లు ఈ ప్రోటోకాల్‌ని కూడా పరీక్షించారు, ఇప్పుడు చెప్పబోయే లోపం మాత్రం అందులో బయటపడలేదు.

1995లో గావిన్ లో అనే ఆయన పట్టుకున్నాడు, అంటే పదిహేడేళ్ల తర్వాత! లక్ష్మి తనంతట తానే ఒక షాపింగ్ సైట్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది, ఆ సైటువాడు మోసగాడు. లక్ష్మి పంపింది వాడు విప్పాడు, లోపల ఉన్నది మార్చకుండా బ్యాంకు కీతో ఎన్‌క్రిప్ట్ చేసి బ్యాంకుకి పంపాడు. బ్యాంకు అది లక్ష్మి పంపిందే అనుకుని లక్ష్మికి మాత్రమే తెరుచుకునే జవాబు ఇచ్చింది. వాడికది విప్పడం రాదు, విప్పాల్సిన అవసరం కూడా లేదు, అలాగే లక్ష్మికి పంపించేశాడు. లక్ష్మి తన నంబర్ చూసుకుని ఇది షాపు నుంచే వచ్చిందనుకుని, అందులో ఉన్న రెండో నంబర్‌ని షాపుకే పంపేసింది. ఆ నంబర్ బ్యాంకుది! వాడు దాన్ని బ్యాంకుకి ఇచ్చాడు, బ్యాంకు నేను లక్ష్మితో మాట్లాడుతున్నా అని ఖాయం చేసుకుంది. ఎక్కడా ఎన్‌క్రిప్షన్ బద్దలవ్వలేదు చూడు, పాస్‌వర్డ్ దొంగతనం కూడా జరగలేదు. మందు కూడా చిన్నదే, రెండో మెసేజ్‌లో జవాబిచ్చేవాళ్లు తమ పేరు రాస్తే చాలు, లక్ష్మి షాపు పేరుండాల్సిన చోట బ్యాంకు పేరు చూసి అక్కడే ఆగిపోతుంది. 1996లో ఆయన ఎఫ్‌డీఆర్ అనే మోడల్ చెకర్‌తో, అంటే జరగగల దారులన్నీ వెతికి చూసే సాఫ్ట్‌వేర్‌తో, ఈ దాడిని చూపించి, సవరించిన దాన్నీ పరీక్షించాడు.

అంత తెలివైనవాళ్ల కంట్లో ఇన్నేళ్లు ఎందుకు పడలేదు? ప్రోటోకాల్‌లో పాల్గొనేవాళ్లు నిజాయితీపరులు, శత్రువు బయటివాడు అని మొదట్లో అనుకున్నారు కాబట్టి. లోపలివాడే మోసం చేస్తే ఏంటి అని అడిగేసరికి కథ మారిపోయింది. నేను సెక్యూరిటీలో లాజిక్ కావాలని గట్టిగా అనేది ఇందుకే. ఏం కాపాడుతున్నాం, ఎవరి నుంచి కాపాడుతున్నాం, దేన్ని నిజమని పట్టుకుని కాపాడుతున్నాం, ఈ మూడూ కచ్చితంగా రాయకుండా ఇది సేఫ్ అంటే దానికి అర్థమే లేదు. 1983లో డోలెవ్, యావో తమ పేపర్లో ఈ శత్రువుని గణితంలోకి తెచ్చారు: నెట్‌వర్క్‌లో ఏ మెసేజ్ అయినా చదువుతాడు, ఆపుతాడు, మారుస్తాడు, కొత్తది పంపుతాడు, కీ లేకుండా మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసింది విప్పలేడు. అక్కణ్నుంచి ఇది నీకిష్టమైన సబ్జెక్టే. ఒక ప్రోటోకాల్‌లో రహస్యం బయటపడుతుందా లేదా అని ఏ ప్రోటోకాల్‌కైనా తేల్చి చెప్పే అల్గారిథమ్ అసలు ఉండదని కూడా తేలింది, మెసేజ్‌ల సైజుకి హద్దు పెట్టినా సరే ఉండదని 1999లో డర్గిన్, లింకన్, మిచెల్, షెద్రోవ్ చూపించారు. మరి ఏ రకం ప్రోటోకాల్స్‌కి తేల్చొచ్చు అనేది తర్వాతి ప్రశ్న, దాని మీద మన చెన్నైలోనే ఆర్. రామానుజం, ఎస్.పి. సురేష్ చేసిన పని ఉంది, మెసేజ్‌లకి ట్యాగులు, అంటే ఏది ఏ భాగమో చెప్పే గుర్తులు, తగిలిస్తే తేల్చొచ్చని 2003లో చూపించారు. నరసరావుపేట నుంచి ఒక్క రాత్రి రైలు ప్రయాణం దూరంలో జరిగిన పని అది!

ఇదంతా కాగితం మీద ఉండిపోయిన సంగతి కూడా కాదు. నువ్వు ఫోన్లో బ్యాంక్ యాప్ తెరిస్తే చాలావరకు వెనక నడిచేది టీఎల్‌ఎస్, ఇంటర్నెట్‌లో మాటలు రహస్యంగా ఉంచే ప్రోటోకాల్. దాని 1.3 వెర్షన్‌ని 2018 ఆగస్టులో ఖరారు చేశారు, ఖరారు చేయకముందే డ్రాఫ్టుల్ని పరిశోధకులు ట్యామరిన్, ప్రోవెరిఫ్ లాంటి, ప్రోటోకాల్స్‌ని లాజిక్‌తో చెక్ చేసే టూల్స్‌తో పరీక్షించారు. క్లయింట్, అంటే నీ ఫోన్ వైపు, తర్వాత ఎప్పుడో తన గుర్తింపు చూపించే పద్ధతిని చేర్చాలనుకుంటే, దాని మీద దాడి ఉందని ట్యామరిన్‌తో ముందే బయటపెట్టారు. నాకైతే ఈ రంగంలో అన్నిటికంటే సంతోషం కలిగించే సంగతి ఇదే, జనం మీద పడకముందే పట్టుకోవడం.

సర్టిఫికెట్ చేయొద్దని అనను, టూల్స్ తెలిస్తే మంచిదే, కాకపోతే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో దానికి పెద్ద విలువ ఉండదు. థియరీ ఆఫ్ కంప్యుటేషన్, లాజిక్, ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా చదువు, గేట్ రాయి, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ సొంత ఎంట్రన్స్ పెడుతుంది, అదీ రాయి.

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్‌లో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, వాడేమో వద్దు పీహెచ్‌డీ చేస్తా అంటున్నాడు. మాది కరీంనగర్, చిన్న కిరాణా షాపు. ఇంకో ఐదారేళ్లు మేం పోషించాలా అని వాళ్లమ్మ బెంగ పెట్టుకుంది.

జవాబు: అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి, ఫెలోషిప్ ఉన్న ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ అంటే మీరు ఫీజు కట్టి పోషించే చదువు కాదు, వాళ్లే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000, సీనియర్ అయ్యాక 42,000. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ దొరికితే మొదటి రెండేళ్లు నెలకి 70,000. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే, అది దాచక్కర్లేదు, ఇంట్లో అప్పులుంటే, చెల్లెలి పెళ్లి బాధ్యత ఉంటే అది కూడా మీరిద్దరూ కూర్చుని వాడితో విప్పి మాట్లాడాల్సిన విషయమే. తర్వాత సెంట్రల్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటే ఏడో పే కమిషన్ ప్రకారం బేసిక్ 57,700 నుంచి మొదలు, దానిపైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. ఆ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, పోస్ట్‌డాక్ అని, పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగంలో, ఒకటి రెండేళ్లు బయట ఊళ్లోనో దేశంలోనో తిరగాల్సి రావచ్చు. కాకపోతే ఈ సబ్జెక్టులో కాలేజీలే దిక్కు కాదు, అమెజాన్ క్లౌడ్‌లో పర్మిషన్లు సరిగ్గా ఉన్నాయా లేదా అని లాజిక్‌తో నిరూపించే టీమే ఉంది, మైక్రోసాఫ్ట్‌కి 2005 నుంచీ బెంగళూరులో రీసెర్చ్ ల్యాబ్ ఉంది. నేను మాత్రం ఒక్కటి అడగమంటా, ఏ గైడ్ దగ్గర చేరుతున్నాడు, ఆ గైడ్ దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు. కాలేజీ పేరు కంటే ఇది ముఖ్యం.

ప్రశ్న: ఏఐ వచ్చాక ప్రూఫులు కూడా అదే రాసేస్తుందంట కదా, ఇక మేం లాజిక్ చదివి ఏం లాభం? (ఎంటెక్ విద్యార్థి, వరంగల్)

జవాబు: రాస్తోంది, నిజమే. 2024లో ఆల్ఫాప్రూఫ్ అనే ఏఐ, దాని తోటి సిస్టమ్ కలిసి మ్యాథ్స్ ఒలింపియాడ్ లెక్కల్లో సిల్వర్ మెడల్ స్థాయికి వచ్చాయి. కానీ ఆల్ఫాప్రూఫ్ రాసిన ప్రూఫ్ నమ్మడానికి కారణం అది రాసిందని కాదు, లీన్ అనే ప్రూఫ్ అసిస్టెంట్ ప్రతి అడుగూ చెక్ చేసింది కాబట్టి. అది లాజిక్కే. ఇంకో ఉదాహరణ, ఎస్‌ఈఎల్4 అని ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్, అంటే దాని గుండెకాయ లాంటి భాగం, ఉంది, 2009లో ఆస్ట్రేలియాలో సుమారు 8,700 లైన్ల సీ కోడ్‌కి రెండు లక్షల లైన్ల ప్రూఫ్ రాశారు. అలాంటి చాకిరీ మెషీన్ చేస్తే నాకు సంతోషమే. కెర్నల్ ఏం చేస్తే సరైనట్టు, హార్డ్‌వేర్ మీద ఏ నమ్మకం పెట్టుకున్నాం, ఇవి రాయాల్సింది మనిషే, తప్పుగా రాస్తే ఆ తప్పుకి కూడా చక్కటి ప్రూఫ్ వచ్చేస్తుంది. కాబట్టి స్పెసిఫికేషన్, అంటే ఏది సరైనదో కచ్చితంగా చెప్పే వివరణ, రాయడం నేర్చుకోండి, ఇప్పుడు దానికి ఇంకా గిరాకీ పెరుగుతుందని నా నమ్మకం.

ప్రశ్న: పదో తరగతిదాకా తెలుగు మీడియం, పేపర్లు చదవాలంటే భయం. (శ్రీకాకుళం)

జవాబు: ఈ పేపర్లలో ఇంగ్లిష్ చాలా తక్కువ రకాలుగా తిరుగుతుంది, నిర్వచనం, ఉదాహరణ, సిద్ధాంతం, నిరూపణ, అంతే. నలభై పేజీలు మొదటినుంచి చివరిదాకా లాగొద్దు, ఒక నిర్వచనం తీసుకుని అది వర్తించేదొకటి, వర్తించనిదొకటి తెలుగులోనే నోట్సులో రాసుకో. మాట్లాడే ఇంగ్లిష్ ల్యాబ్‌లో అదే వస్తుంది.

ప్రశ్న: కాకినాడలో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్‌ని, పన్నెండేళ్ల సర్వీసు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఈ టాపిక్‌లో సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే మాస్టారూ, పెద్ద ల్యాబ్, ఖరీదైన మెషీన్లు అక్కర్లేని సబ్జెక్టు కాబట్టి మీలాంటివాళ్లకి ఇంకా సాధ్యం. కష్టమంతా టైమ్‌తోనే, వారానికి పద్దెనిమిది క్లాసులు చెప్తూ ప్రూఫ్ మీద మనసు నిలపడం మామూలు విషయం కాదు, ఆ లోడ్ తగ్గించమని రిజిస్ట్రేషన్‌కి ముందే మేనేజ్‌మెంట్‌తో కాగితం మీద రాయించుకోండి, తర్వాత అడిగితే ఎవరూ వినరు. ట్యామరిన్, ప్రోవెరిఫ్ రెండూ ఫ్రీ. పైన చెప్పిన మూడు మెసేజ్‌ల ప్రోటోకాల్‌ని మాన్యువల్ చూడకుండా మీరే రాసి టూల్‌కి ఇవ్వండి, దాడి బయటపడిందా చూడండి, పడకపోతే మోడల్‌లో మోసగాడికి సొంత కీ ఇవ్వడం మర్చిపోయారేమో చూసుకోండి. అది వచ్చాక మనవాళ్లు రోజూ వాడే పేమెంట్, ఓటీపీ పద్ధతుల్లో పబ్లిక్‌గా డాక్యుమెంట్ ఉన్నది ఒకటి తీసుకోండి, అక్కడ టాపిక్ దొరుకుతుంది. ఏటా డిసెంబరు ప్రాంతంలో మన దేశంలోనే ఎఫ్‌ఎస్‌టీటీసీఎస్ అనే థియరీ కంప్యూటర్ సైన్స్ కాన్ఫరెన్స్ జరుగుతుంది, పేపర్ లేకపోయినా వెళ్లి కూర్చోండి, కాబోయే గైడ్ అక్కడ కలవొచ్చు, వెళ్లేముందు వాళ్ల పేపర్ ఒకటైనా చదివి ఒక ప్రశ్న రాసుకుని వెళ్లండి.