టీసీ తీసుకునే ముందు బాబును గమనించండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబు బీటెక్ రెండో సంవత్సరం. ఇంటర్ వరకు బాగా చదివిండు. ఇప్పుడు నాలుగు బ్యాక్‌లాగ్స్ ఉన్నయి, అటెండెన్స్ తక్కువుందని కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. పైసలు ఎక్కువ అడుగుతున్నడు. రాత్రి ఆలస్యంగా వచ్చి ఎవరితో మాట్లాడకుండ పండుకుంటున్నడు. గంజాయి ఏమోనని భయంగా ఉంది. కాలేజీ మార్పిస్తే బాగుపడతడా?

జవాబు: అమ్మా, ఇప్పుడే టీసీ అడగకండి. మత్తు అలవాటే ఉంటే కొత్త కాలేజీకీ వెంట వస్తుంది. లేకపోతే ఉన్న సీటు, ఒక ఏడాది ఉత్తగనే పోతాయి. అసలు సంగతి ఏమిటో ముందు తేల్చుకోండి.

మీరు రాసిన వాటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో ఇరుక్కున్నా, డిప్రెషన్‌లో ఉన్నా పిల్లలు ఇట్లాగే ఉంటారు. రెండు మూడు వారాలు తేదీ వేసి రాసుకోండి: ఎన్ని గంటలకు వచ్చిండు, ఎట్లున్నడు, ఎంత అడిగిండు. గంజాయి తాగి వస్తే కండ్లు ఎర్రబడతాయి, నోరు ఎండిపోతుంది, మాట నిదానిస్తుంది, ఊరికే నవ్వు వస్తుంది. వేళ కాని వేళ గిన్నెలో మిగిలిన అన్నమంతా ఊడ్చి తింటడు. కొన్ని గంటల్లో మత్తు దిగిపోతుంది కాబట్టి తెల్లారి చూస్తే ఏమీ కనబడదు. గడప దాటి లోపలికి వచ్చిన పది నిమిషాల్లోనే చూడాలి. పచ్చి ఆకు కాల్చినట్టు ఉండే ఘాటు వాసన వేళ్లకు, బ్యాగుకు పట్టి ఉంటుంది. పలుచని రోలింగ్ పేపర్లు, అట్టముక్క చుట్టి చేసిన చిన్న గొట్టాలు, పొగాకు రాల్చేసిన సిగరెట్లు, కంటి ఎరుపు పోగొట్టే చుక్కల మందు కలిసి దొరికితే అనుమానం గట్టిపడినట్టే.

గంజాయి ఒక్కటే అనుకోవద్దు. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు ఎక్కువ మింగితే కంటిపాప చిన్నదై, కూర్చున్నచోటే తూగుతడు. పార్టీల్లో వాడే ఎండీఎంఏ అనే మత్తు మందు అయితే కంటిపాప పెద్దదవుతుంది, దవడ బిగుస్తుంది, నిద్ర రాదు. మద్యం వాసన లేకుండానే మాట తడబడి నడక తూలితే నిద్రమాత్రలేమో చూడాలి. ఆల్ప్రాజోలం అనే అలాంటి మాత్ర రోజూ మింగేవాళ్లను ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ మెల్లమెల్లగా తగ్గిస్తారు.

మూత్ర పరీక్ష స్ట్రిప్ తెచ్చి దొంగచాటుగా చేయడం నేను ఒప్పుకోను. గంజాయి ఒకసారి తాగితే సుమారు 3 రోజులు, రోజూ తాగేవాళ్లలో నెల వరకు కూడా పాజిటివ్ చూపవచ్చు. మానేసిన పిల్లవాణ్ని అబద్ధాలకోరు అంటే మళ్లీ మీకు నిజం చెప్పడు.

మత్తులో ఉన్నప్పుడు నిలదీయకండి. పొద్దున తిన్న తర్వాత, ఇంట్లో వాడికి చనువున్న ఒక్కరే కూర్చుని, "మంగళవారం రాత్రి నీ కండ్లు ఎర్రగున్నయి, 2,000 దేనికో చెప్పలేదు, ఏమైంది బిడ్డా?" అని చూసిందే అడగాలి. "నువ్వు తాగుతున్నవ్ కదా" అంటే "లేదు" అనే మాటతోనే అయిపోతుంది. పొట్లం దొరికితే ఫొటో తీసి చుట్టాలకు పంపకండి.

ఒప్పుకుంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లండి. ఫోన్లో సలహా కావాలంటే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. రోజూ తాగేవాడు గంజాయి మానితే మొదటి వారం చిరాకు ఎక్కువ, నిద్ర పట్టదు, అన్నం సయించదు. చాలామంది తల్లిదండ్రులు దీన్ని మొండితనం అనుకుని కొట్టేది అప్పుడే. ఆ వారం పోరు పెట్టకండి. పిలిచినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే, చచ్చిపోతానంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

కేసు భయంతో ఆస్పత్రికి పోకుండా ఆగకండి. 1985 నాటి మత్తుపదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసులో ఉన్న, మత్తుకు బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి పూర్తి చేసుకుంటే విచారణ నుంచి రక్షణ ఉంది. అమ్మినవాళ్లకు అది వర్తించదు. స్నేహితుల కోసం పొట్లం తెచ్చిచ్చినా అమ్మకం కింద చూసే ప్రమాదం ఉందని బాబుకు విడమరిచి చెప్పండి.

ఇక చదువు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అయితే సగటున 75% హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్‌తో మినహాయింపు అడగవచ్చు, 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు, అంటే పై సెమిస్టర్‌కు పంపరు. కాబట్టి ఈ వారమే కాలేజీకి వెళ్లి హాజరు ఎంతుందో రాయించుకోండి. చికిత్స వివరాలు బాబు ఒప్పుకోకుండా ఆస్పత్రి కాలేజీకి చెప్పకూడదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యత ఇచ్చింది. బ్యాక్‌లాగ్స్ నాలుగూ ఒకేసారి నెత్తిన పెట్టకండి. కొద్ది మార్కుల తేడాతో పోయిన రెండింటికి ముందు ఫీజు కట్టించి, మిగతావి తర్వాతి సప్లిమెంటరీకి వదిలేయండి.