గేర్‌బాక్స్ దించే ముందు ఇది చదువు

చిరంజీవి శీనుకు మామయ్య దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఖమ్మం బైపాస్‌లో షెడ్డు అద్దెకు తీసుకున్నావట, గురువారం పాలు పొంగిస్తున్నారట. అప్పటికే పడుకున్న మీ అత్తయ్యను లేపి మరీ చెప్పాను. ఎండాకాలం సెలవులకు మా ఆటోనగర్ షెడ్డుకొచ్చి, క్లచ్‌లోంచి తీసిన పాత రిలీజ్ బేరింగ్‌కు దారం కట్టి పొద్దస్తమానం తిప్పుతూ కూర్చునేవాడివి. ఆ బేరింగ్ గరగరమంటే "మామయ్యా, ఇది పోయింది" అని ఏడేళ్లవాడివి నాకే చెప్పేవాడివి. అలాంటి నీ పేరుతో ఇప్పుడు బోర్డు లేస్తోంది. మీ నాన్న ఉండి చూడాల్సింది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. "మొదటి పని కూడా వచ్చిందన్నయ్యా. ఎవరిదో డీజిల్ కారట. కంపెనీ ఫ్లైవీల్ తీసేసి మామూలుది వేస్తే సగం ఖర్చులో అయిపోతుందట." ఇక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

షెడ్డు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. కరెంటు మీటరు నీ పేరు మీదకు మార్పించుకో, స్పేర్‌పార్ట్స్ షాపులో అప్పు పెట్టకు. అంతే.

ఫ్లైవీల్ దగ్గర మాత్రం కాస్త ఆగు. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య, ఇంజిన్ తిప్పే ఇరుసు క్రాంక్ చివర బిగించిన బరువైన చక్రమే అది. ఇంజిన్ మనం అనుకున్నంత నున్నగా తిరగదు. నాలుగు సిలిండర్ల బండికి క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు పోట్లు, అంటే ఇంధనం మండిన దెబ్బలు, పడతాయి. బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగే ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 800 చుట్లు, 1,600 పోట్లు. పెట్రోల్ ఇంజిన్ గాలిని పదో వంతుకో అటూ ఇటుగానో నొక్కుతుంది, డీజిల్ పదహారు పదిహేడో వంతుకు నొక్కుతుంది. అందుకే డీజిల్ పోటు బరువు. పైగా ఇప్పటి టర్బో డీజిళ్లు 1,500, 2,000 ఆర్‌పీఎం దగ్గరే బలమంతా ఇచ్చేస్తాయి. అంత తక్కువ స్పీడులో అంత బరువు పోట్లు పడుతుంటే ఆ వణుకంతా గేర్‌బాక్స్‌కే వెళ్తుంది.

నేను పని నేర్చుకున్నప్పుడు ఈ గొడవ లేదు. అంబాసిడర్ 1,489 సీసీ పెట్రోల్, మారుతీ 800 మూడు సిలిండర్ల ఇంజిన్, దేనికైనా ఫ్లైవీల్ అంటే ఒకటే ఇనుప చక్రం. క్లచ్ ప్లేటులో ఉండే చిన్న స్ప్రింగులే ఆ వణుకును మింగేవి. చక్రం ముఖం మీద గీతలు పడితే లేత్ మీద నున్నగా ఫేసింగ్ కొట్టించి, కొత్త ప్లేటు వేసి సాయంత్రానికి బండి ఇచ్చేసేవాళ్లం. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఇప్పటికీ అదే పని. ఈ ఒంటి చక్రాన్నే సింగిల్ మాస్ అనీ, సాలిడ్ అనీ అంటారు. కానీ పెట్రోల్ అనగానే సింగిల్ మాస్ అని గుడ్డిగా అనుకోకు. కొన్ని టర్బో పెట్రోళ్లకు, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌లకు కూడా రెండు చక్రాల డ్యూయల్ మాస్ వస్తోంది.

డ్యూయల్ మాస్‌లో క్రాంక్‌కు బిగించే చక్రం వేరు, క్లచ్ కూర్చునే చక్రం వేరు. రెండింటి మధ్య గ్రీజులో విల్లులా వంగిన పొడుగాటి స్ప్రింగులు ఉంటాయి. బండి ఊగిపోయే ఇంజిన్ స్పీడును ఇవి ఐడిల్ కన్నా కిందికి తోసేస్తాయి, అందుకే నడిపేవాడికి ఆ ఊపు తెలియదు. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఇంజిన్ ఆ స్పీడును దాటిపోతుంది. స్ప్రింగులు అలిసిపోయాక సరిగ్గా అప్పుడే దడదడమంటుంది. ఇంకో సంగతి. స్ప్రింగులు ఫ్లైవీల్‌లోనే ఉన్నాయి కాబట్టి చాలా బండ్లలో క్లచ్ ప్లేటుకు స్ప్రింగులే పెట్టరు, అది గట్టి ప్లేటు. ఈ ఒక్క ముక్క 2010లో నాకెవరైనా చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ ఏడు ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చాడు. నీకిప్పుడున్న వయసే. లోన్ తీసుకుని సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. ఫ్లైవీల్ పోయింది. కొత్తదాని రేటు చెప్పగానే అతని ముఖం మాడిపోయింది. నాకు జాలేసింది. జాలితో పాటు, నేను చేయలేనిది లేదన్న పొగరు కూడా ఉంది. స్క్రాప్ షాపులో ఇంకో ఇంజిన్ ఫ్లైవీల్ దొరికితే లేత్ మీద పాతదాని మందానికి దించి, బోల్టు రంధ్రాలు కలిపి, ఒక్క రోజులో బిగించేశాను. క్లచ్ ప్లేటు కొత్తదే వేశాను, కానీ ఆ బండికొచ్చే ప్లేటే వేశాను. అంటే ఫ్లైవీల్‌లో స్ప్రింగులు తీసేశాను, ప్లేటులో ముందే లేవు. ఇంజిన్ పోట్లన్నీ నేరుగా గేర్‌బాక్స్ మీద పడేలా నా చేతులతో నేనే చేశాను.

స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో గులకరాళ్ల డబ్బా ఊపినట్టు చప్పుడు. క్లచ్ తొక్కితే ఆగిపోతోంది, వదిలితే మళ్లీ మొదలు. "ఈ చప్పుడేంటన్నా?" అని అడిగాడు. "సాలిడ్ ఫ్లైవీల్‌కు అది మామూలే, అలవాటైపోతుంది" అన్నాను. నమ్మి డబ్బులిచ్చి వెళ్లాడు.

నాలుగు నెలల తర్వాత ఒక కుటుంబాన్ని శ్రీశైలం తీసుకెళ్లాడు. తిరుగు ప్రయాణంలో దోర్నాల ఘాట్‌లో గేర్‌బాక్స్ పట్టేసింది. అప్పటికే రాత్రి తొమ్మిదవుతోంది. ఆ వేళకు అడవి చెక్‌పోస్టులు మూసేస్తారు, ఇక బండ్లు రావు. లోపల ఒక ముసలావిడ, ఇద్దరు చిన్నపిల్లలు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. అద్దాలు ఎక్కించుకుని నల్లమలలో తెల్లవారేదాకా కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ మల్లన్న దయ. కానీ పెద్ద లోయ మలుపులో పట్టేసి ఉంటే? ఆ ప్రశ్న ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. నీ మొదటి పని డీజిల్ ఫ్లైవీల్ అనగానే నాకు నువ్వు కనబడలేదురా, ఆ బండిలో పిల్లలు కనబడ్డారు.

మర్నాడు లాగించుకొచ్చి గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు తీశాను. నూనె నల్లగా రాలేదు. ఎండ పడితే బంగారం కలిపినట్టు మెరిసింది. గేర్లు కలిపే సింక్రో రింగుల ఇత్తడి పొడి అది. వేలికి రాసుకుంటే గీరుకుంది. అడుగున ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌లో గుండ్లను పట్టుకునే కేజ్ ముక్కలు. కుర్రాడు పక్కనే నిలబడి చూశాడు. అరవలేదు, తిట్టలేదు. "మామూలే అన్నావు కదన్నా" అన్నాడు.

వేరే గేర్‌బాక్స్ దొరికేసరికి కొత్త డ్యూయల్ మాస్ ఖర్చు దాటిపోయింది. నేనే పెట్టుకున్నాను. మీ అత్తయ్య గాజులు ఆ ఏడు తాకట్టులోకి ఎందుకు వెళ్లాయో మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. చెప్పకు.

సాలిడ్ అసలు వేయొద్దని నేననను. కొన్ని బండ్లకు మంచి కిట్లు వస్తున్నాయి. ఫ్లైవీల్, పెద్ద స్ప్రింగులున్న ప్లేటు, ప్రెషర్ ప్లేటు ఒకదానికొకటి చూసుకుని చేసిన సెట్టు. వేస్తే సెట్టు మొత్తం వెయ్యి, విడివిడిగా అతుకులు పెట్టకు. కొన్ని ఇంజిన్లకు క్రాంక్ సెన్సర్ చదివే పళ్లు ఫ్లైవీల్ మీదే ఉంటాయి, అవి తేడా వస్తే బండి స్టార్టే అవదు. చప్పుడు పెరుగుతుందని, గేర్‌బాక్స్ మీద భారం పెరుగుతుందని ఓనర్‌కు ముందే చెప్పి బిల్లు మీద రాసి సంతకం పెట్టించు. "మామూలే" అన్న మాట మాత్రం నీ నోటి వెంట రాకూడదు.

అంతకన్నా ముందు, ఆ ఫ్లైవీల్ నిజంగా పోయిందో లేదో చూశావా? రెండో చక్రాన్ని చేత్తో తిప్పి ఎన్ని పళ్ల దూరం ఖాళీగా తిరుగుతోందో లెక్కపెట్టు, అటూ ఇటూ ఊపి ప్లే, అంటే వదులు, ఎంతుందో కొలువు. ఆ బండి మాన్యువల్‌లో లిమిట్ ఉంటుంది. అంచున కాస్త గ్రీజు కనబడినంత మాత్రాన పోయినట్టు కాదు. శుభ్రం చేస్తానని డీజిల్‌లో ముంచకు, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. దీనికి లేత్ పని కూడా వద్దు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి సరిగ్గా కొట్టకపోయినా అదే వణుకు వస్తుంది. ఆ ఇంజెక్టర్‌ను అలాగే వదిలేసి కొత్త ఫ్లైవీల్ వేస్తే అదీ పోతుంది.

బండి ఎవరు నడుపుతారో అడుగు. నలభై స్పీడులో టాప్ గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కే డ్రైవరైతే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు నేర్పు. ఇంజిన్ ముక్కుతున్నప్పుడల్లా నలిగేది ఆ స్ప్రింగులే.

క్రాంక్ బోల్టులు కొత్తవి వెయ్యి, టార్క్ రెంచ్‌తోనే బిగించు. గేర్‌బాక్స్ ఎలాగూ దిగింది కాబట్టి వెనక ఆయిల్ సీల్ మార్చెయ్.

ఒంటరిగా మాత్రం ఆ పని చేయకు నాన్నా. ఆ చక్రం పది కిలోల పైనే ఉంటుంది, ఆఖరి బోల్టు ఊడగానే నేరుగా గుండె మీదకొస్తుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందకు దూరకు, స్టాండ్లు పెట్టు. లేకపోతే చెప్పు, నావి తెస్తాను.

గురువారం పొద్దున బస్సుకే అత్తయ్యా నేనూ వస్తున్నాం. ప్లే కొలిచే డయల్ గేజ్ సంచిలో పెట్టేశాను. పాలు పొంగాక బట్టలు మార్చుకుని ఇద్దరం కలిసి దించుదాం. అప్పటిదాకా ఆ కారును అలాగే ఉంచు.

మీ మామయ్య
ఆటోనగర్, విజయవాడ