టీకా గొడవతో నిద్ర కరవైంది.. బీపీ 152/96.. మందులు వాడాలా?

ప్రశ్న: నా వయసు 47. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బయాలజీ టీచర్‌ని. మా మరిది కూతురికి 12 ఏళ్లు. పాపకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయిద్దామని మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అన్నాను. మరిది వెంటనే "ఈ టీకాతోనే మన భద్రాచలంలో ఆడపిల్లలు చనిపోయారు, వేయించుకుంటే పిల్లలు పుట్టరు" అని ఎవరో పంపిన మెసేజ్ పెట్టాడు. అది తప్పని చెప్పాను. మాటా మాటా పెరిగి "వదినకు కంపెనీ వాళ్ల కమీషన్ ముడుతోంది" అని రాశాడు. కోపం ఆపుకోలేక "రేపు పాపకు క్యాన్సర్ వస్తే చంపింది నువ్వే" అన్నాను. కమీషన్ మాటను ఎవరో స్క్రీన్‌షాట్ తీసి మా స్కూల్ వాళ్లకీ పంపారు. మూడు వారాలుగా అర్ధరాత్రి రెండింటికే మెలకువ వస్తోంది. గుండె దడ, తలనొప్పి. లేవగానే ఫోన్ తీసి గ్రూపే చూస్తున్నాను. మెడికల్ షాపులో బీపీ చూపిస్తే 152/96 ఉంది. షాపతను ఇచ్చిన అల్ప్రజోలం రాత్రిళ్లు వేసుకుంటున్నాను. బీపీ మందులు మొదలుపెట్టాలా? గ్రూపులోంచి బయటికి వచ్చేయాలా?
– ఓ పాఠకురాలు

సలహా: ముందు ఆ నిద్రమాత్ర సంగతి చెప్పాలి. అల్ప్రజోలం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. మొదట్లో హాయిగా నిద్ర పట్టినట్టే ఉంటుంది. కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఆపితే నిద్రలేమి, దడ, కంగారు మునుపటి కన్నా ఎక్కువగా తిరగబెడతాయి. ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో మీరు రాయలేదు. నాలుగైదు రోజులే అయితే ఇక మానేయండి. రోజూ వేసుకుంటూ రెండు మూడు వారాలు అయిపోయి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టరు దగ్గరకు వెళ్లి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఇక బీపీ. షాపులో, నిలబడి ఉన్నప్పుడో గాభరాగా ఉన్నప్పుడో ఒక్కసారి చూసిన 152/96తో మీకు బీపీ జబ్బు ఉందని చెప్పలేం. లేదని కొట్టిపారేయనూ లేం. పై చేతికి పట్టీ చుట్టే డిజిటల్ మిషన్ కొనండి, లేదా ఎవరిదగ్గరైనా వారం రోజులకు తెచ్చుకోండి. మణికట్టుకు కట్టుకునేవి వద్దు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, చెయ్యి బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక చూసుకోండి. ప్రతిసారీ నిమిషం తేడాతో రెండు రీడింగులు తీసి కాగితం మీద రాయండి. టీ, కాఫీ తాగిన అరగంటలోపు చూడొద్దు. గ్రూపు తెరిచి చదివిన వెంటనే అసలే చూడొద్దు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే ఫిజీషియన్‌ను కలవాలి. మందులు అవసరమో కాదో ఆ కాగితం చూసి ఆయన చెబుతారు. ఎప్పుడైనా 180/120 దాటి, దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టుతప్పడం కనిపిస్తే ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మీ వయసు 47. ఈ వయసులో ఆడవాళ్లు దడ, నిద్రలేమి అని వస్తే "టెన్షన్" అని పంపేయడం చాలాచోట్ల జరుగుతోంది. అది నాకు నచ్చదు. నెలసరి ఆగిపోయే ముందు రోజుల్లో ఉన్నట్టుండి ఒంట్లోంచి వేడి ఎగదన్నడం, చెమటలు, దడ, నడిరాత్రి మెలకువ సహజంగానే వస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇవే లక్షణాలు. కాబట్టి థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, షుగర్, ఒక ఈసీజీ చేయించుకోండి. గొడవకు ముందు కూడా అప్పుడప్పుడు ఇలా ఉండేదేమో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా, ఈ మూడు వారాల్లో మిమ్మల్ని ఎక్కువగా కుంగదీసింది ఆ కమీషన్ మాటేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. టీకా మీద అభిప్రాయభేదం మిమ్మల్ని ఇంతగా బాధించలేదు. చెయ్యని తప్పు మీకు అంటగట్టారు, అదీ మీరు పాఠం చెప్పే బడిదాకా వెళ్లింది. పరువు పోయిందనిపిస్తే ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఎదురుగా ప్రమాదం ఉంటే పరిగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటు ఇది. రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని అవే నాలుగు వాక్యాలు మళ్లీ చదివిన ప్రతిసారీ అదే ఏర్పాటు మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత గంటసేపటికి గానీ ఒళ్లు చల్లబడదు. అందుకే మందుకన్నా ముందు చేయాల్సింది ఫోన్‌ను పడగ్గదిలోంచి తీసేయడం. అలారం కోసం అనుకుంటే నూటయాభై రూపాయల గడియారం కొనుక్కోండి. గ్రూపును మ్యూట్ చేయండి. బయటికి మాత్రం రావద్దు. ఇప్పుడు వచ్చేస్తే "తప్పు చేసింది కాబట్టే వెళ్లిపోయింది" అనేవాళ్లకు మాట దొరుకుతుంది, మీకు ఇంకో రాత్రి నిద్ర పోతుంది.

అసలు వాదన దగ్గరికి వద్దాం. టీచర్‌గా మీరు ఇది పూర్తిగా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ మరిది గాల్లోంచి పుట్టించిన మాట కాదది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు, అందులో ఐదుగురు మన దగ్గరివాళ్లు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసి విచారణ కమిటీ వేసింది.

ఆ ఏడుగురిలో ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేదు. ఒకరిది అంతుపట్టని జ్వరం, మరొకరికి మెదడులో రక్తస్రావం జరిగి ఉంటుందన్న అనుమానం. టీకా వల్లే చనిపోయారనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. ఆ ఇద్దరి సంగతి మరిదికి మీరే ముందు చెప్పండి. మీరు దాచి, రేపు ఆయనకు ఇంకెక్కడో కనిపిస్తే మీరు చెప్పిన మిగతా నిజాలనూ ఆయన నమ్మడు.

దానికన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రుల సంతకం లేకుండానే టీకా వేశారు. అమ్మానాన్నలకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో, ఎవరు చూసుకుంటారో సరైన ఏర్పాటు లేదు. విచారణ కమిటీ ఈ లోపాలను ఎత్తిచూపింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇంకా ఘాటుగా తప్పుపట్టింది. ఆదివాసీ పిల్లల విషయంలో, వాళ్ల తల్లిదండ్రులను అడగాల్సిన అవసరమే లేదన్నట్టు నడుచుకోవడం అన్యాయం. డాక్టరుగా నేను ఈ టీకాను గట్టిగా సమర్థిస్తాను, ఆ అన్యాయాన్ని మాత్రం సమర్థించను. అలా అడగకుండా వేసినందుకే ఆ ప్రాంతంలో ఈ భయం 15 ఏళ్లు దాటినా పోలేదు.

ఇది తెలిశాక మీ మరిదిని ఇంకో రకంగా చూడగలుగుతారు. ఆయన ఆ పాప తండ్రి. చేతికొచ్చిన మెసేజ్‌లో సగం నిజం ఉంది, సగం భయం ఉంది. ఆయన మీ మీద వేసిన నింద తప్పు, సందేహం లేదు. "చంపింది నువ్వే" అన్న మీ మాట కూడా నిందే. కూతురి మీద భయంతో వెనక్కి లాగుతున్న మనిషిని హంతకుడన్నారు. మీ నిద్ర చెడగొట్టేదాంట్లో ఆ మాట వాటా కూడా ఉందని నా అనుమానం. మీరు దాన్ని ఉత్తరంలో దాచకుండా రాశారు కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాను.

జపాన్‌లో జరిగింది చూడండి. 2013లో ఈ టీకా గురించి భయాలు పత్రికల్లో, టీవీల్లో మారుమోగడంతో అక్కడి ప్రభుత్వం గట్టిగా సిఫార్సు చేయడం మానేసింది. అప్పటిదాకా 70 శాతం దాకా ఉన్న టీకా ఒక్క శాతం లోపుకు పడిపోయింది. తిరిగి సిఫార్సు మొదలుపెట్టడానికి 2022 దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో టీకా పక్షాన నిలబడి రాసిన ఒక వైద్యురాలికి, సైన్స్ పక్షాన నిలబడినవాళ్లకు ఇచ్చే జాన్ మాడక్స్ బహుమతి కూడా 2017లో వచ్చింది. టీకా విషయంలో ఆమె చెప్పిందే సరైనది. కానీ టీకాతో హాని ఉందన్న అవతలి పరిశోధకుడు ప్రయోగ ఫలితాల్ని కావాలని కల్పించాడని కూడా రాశారు. ఆ ఆరోపణకు ఆధారం లేదని 2019లో టోక్యో జిల్లా కోర్టు తేల్చి, పరిహారం కట్టమంది. ఆమె ఓడింది టీకా గురించి రాసినదానికి కాదు, ఎదుటివాడి మనసులో ఏముందో తనకు తెలిసినట్టు రాసినదానికి. మీ ఇంటి గొడవలోనూ ఆధారాల గురించి ఎంతసేపైనా మాట్లాడండి. ఎవరి ఉద్దేశం ఏమిటన్న దాని జోలికి పోకండి.

గ్రూపులో ఒక్కసారి, ఒక్క మాట రాయండి: "నేను ఏ కంపెనీ దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఈ సంగతి ఇక ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం." కింద ఎవరేం రాసినా జవాబివ్వొద్దు. తర్వాత మరిదికి ఫోన్ చేయండి, కుదిరితే ఇంటికే వెళ్లండి. ఇలా అనొచ్చు: "ఆ రోజు నేనన్న మాట తప్పు. పాప మీద నీకున్న ప్రేమ నాకు తెలియనిది కాదు. భద్రాచలంలో తల్లిదండ్రుల్ని అడక్కుండా వేశారు, అది నిజమే. చావులకు టీకా కారణమని మాత్రం తేలలేదు. నా మాట నమ్మక్కర్లేదు. పాపను చూసే పిల్లల డాక్టరు దగ్గరకు మీరిద్దరూ వెళ్లి అడగండి. మీరు ఏం అనుకుంటే అదే." ఆయన క్షమాపణ చెప్పాలని షరతు పెట్టుకుని వెళ్లొద్దు. చెబితే మంచిదే. చెప్పకపోయినా మీరు అనాల్సింది అనేశారు కాబట్టి మనసు కుదుటపడుతుంది. స్కూల్ సంగతి త్వరగా తేల్చేయండి: ప్రధానోపాధ్యాయులకు మీరే జరిగింది రెండు ముక్కల్లో చెప్పండి, స్టాఫ్ రూములో ఒక్కొక్కరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

పాప తల్లిదండ్రులు అడిగితే చెప్పడానికి: మన దేశంలో 2022లోనే లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. పిల్లలు పుట్టరన్న మాటకు ఏ ఆధారమూ లేదు. నిజానికి ఈ క్యాన్సర్ వస్తేనే గర్భసంచి తీసేయడం, రేడియేషన్ ఇవ్వడం వల్ల తల్లయ్యే అవకాశం పోతుంది. సూది వేసిన చోట నొప్పి, కొందరికి జ్వరం వస్తాయి. ఈ వయసు ఆడపిల్లలు సూదికి భయపడి కళ్లు తిరిగి పడిపోవడం మామూలే, అందుకని వేయించాక పావుగంట కూర్చోబెట్టాలి. 9 నుంచి 14 ఏళ్ల వారికి ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. 2010లో ఖమ్మం కార్యక్రమంతోపాటు, దేశంలో మరికొన్ని చోట్ల ఈ టీకా డోసులను పోల్చి చూస్తున్న అధ్యయనంలోనూ టీకాలు ఆపించేశారు. దాంతో వేల మంది బాలికలకు ఒక్క డోసే పడింది. వాళ్లను పదేళ్లు గమనిస్తే, ఈ క్యాన్సర్లలో ఎక్కువ వాటికి కారణమైన 16, 18 రకాల హెచ్‌పీవీ వైరస్ నుంచి ఆ ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తోందని తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసైనా చాలనడానికి ఆ ఆడపిల్లల నుంచి వచ్చిన ఆధారం కూడా ఒకటి. పుణెలో సీరం సంస్థ తయారుచేసే సెర్వావ్యాక్ 2023 నుంచి దొరుకుతోంది. ప్రభుత్వం తరఫున ఉచితంగా వేస్తున్నారేమో మీ ఏఎన్ఎంను అడగండి.

నెల గడిచినా నిద్ర కుదుటపడకపోయినా, బడికి వెళ్లాలంటే భయం వేస్తున్నా, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా సైకియాట్రిస్టును కలవండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా తెలుగులో ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకొక్క ప్రశ్న మిమ్మల్నే అడగాలి. పాప టీకా కోసం ఇంత పోరాడారు, మీరు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా? 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. పలచని వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూస్తారు, కొన్ని నిమిషాల పని. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ రోజు చేస్తారో కనుక్కుని, నెలసరి లేని రోజు చూసుకుని వెళ్లండి. మీ తోడికోడలికి 30 దాటి ఉంటే ఆమెనూ వెంట తీసుకెళ్లండి. బీపీ రాసుకున్న కాగితం అక్కడి డాక్టరుకు కూడా చూపించండి.