కత్తెర పడకముందు చెప్పాల్సినవి

ప్రశ్న: నాది ఒత్తయిన ఉంగరాల జుట్టు. నడుము పైదాకా ఉండేది. పార్లర్‌లో ‘చివర్లు కొంచెం తీసి లేయర్స్ వేయండి’ అన్నాను. ఆరాక చూస్తే వీపు సగానికి వచ్చింది. పైన ఉబ్బి, కింద పలచబడింది. జడ వేస్తే పక్కల నుంచి ఊడి వస్తోంది. ఈసారి వెళ్తే ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తేడా వచ్చింది ‘కొంచెం’ అన్న మాట దగ్గరే. మీకు కొంచెమంటే అర అంగుళం. కత్తెర పట్టినామెకు చిట్లిన చివర్లన్నీ పోయేంత. లేయర్స్, స్టెప్ కట్, ఫెదర్ కట్ అనే పేర్లకు కూడా ఒక్కో పార్లర్‌లో ఒక్కో అర్థం. అందుకని పేరు చెప్పి ఊరుకోకండి. ఎంత తీయాలో చెప్పే బదులు, ఎక్కడిదాకా ఉంచాలో ఒంటి మీద వేలు పెట్టి చూపించండి: ‘వెనక పొడవు బ్లౌజు అంచుకు తగలాలి. అన్నిటికన్నా పొట్టి పాయ కూడా కాలర్‌బోన్‌కి నాలుగు వేళ్ళ కిందికి రావాలి. రోజూ జడ వేసుకుంటాను.’

ఈ చివరి మాట తప్పకుండా చెప్పాలి. చెవి దగ్గరి పాయ మెడ వెనక్కి చుట్టి వచ్చి, జడలో కనీసం రెండు మూడు అల్లికలు పడితేనే నిలుస్తుంది. గడ్డం దగ్గర ఆగిన లేయరు మొదటి అల్లికలోనే జారిపోతుంది.

పొడవు అనుకున్నదానికన్నా తగ్గడానికి కారణం నీళ్ళు. తడి జుట్టు సాగుతుంది. దువ్వి బిగువుగా లాగి కత్తిరిస్తే, ఆరి ఉంగరాలు తిరిగాక రెండు అంగుళాలు సులువుగా పైకి పోతుంది. కాబట్టి ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టకుండా, స్ట్రెయిట్‌నర్ తగలనీయకుండా, గాలికి ఆరిన జుట్టుతో, మీ మామూలు పాపిడితో వెళ్ళండి. మీ ఉంగరాలు ఎలా తిరుగుతాయో ఆమె కళ్ళారా చూడాలి. పొడవు మటుకు జుట్టు పొడిగా ఉండగానే కత్తిరించమనండి. తడిపి తీరాలంటే అనుకున్నచోటికి రెండు అంగుళాలు కిందే ఆపి, ఆరాక సరిచేయమనండి. మొదటి పాయ అద్దంలో మీరు చూశాకే రెండోది.

పైన ఉబ్బడం చాలామటుకు పళ్ళున్న కత్తెర పని. ఒత్తు తగ్గించాలని దాన్ని కుదుళ్ళకు దగ్గరగా వేస్తే, తెగిన పొట్టి వెంట్రుకలు పొడవైనవాటిని పైకి తోస్తాయి. ఉక్కపోత రోజుల్లో మరీ లేచి నిలబడతాయి. ‘ఒత్తు తగ్గించేది చివరి నాలుగు అంగుళాల్లోనే, రేజరు వద్దు’ అని ముందే చెప్పండి. రేజరు ఉంగరాల జుట్టు చివర్లను గీరి చిట్లేలా చేస్తుంది.

ఇప్పుడు తొందరపడి సరిచేయించకండి, ఉన్నది కూడా పోతుంది. జుట్టు నెలకు సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. మూడు నెలలు ఆగి, కింది అంచు మాత్రం యు కట్‌గా తీయించండి, నడిమికీ పక్కలకూ రెండు అంగుళాలకు మించి తేడా రాకుండా. వి కట్ జుట్టు విరబోసుకునేవాళ్ళకు అందమే. జడ వేస్తే కొస ఎలుక తోకలా తేలుతుంది.

ప్రశ్న: నాది గుండ్రటి ముఖం, నుదురు చిన్నది. ముందు ఫ్రింజ్ కత్తిరించుకుంటే నప్పుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కనుబొమల మీదికి అడ్డంగా పడే నిండు ఫ్రింజ్ వద్దు. నుదురు మూసేస్తే గుండ్రటి ముఖం ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. పైగా సముద్రపు గాలికి, చెమటకు గంటలో పాయలు పాయలుగా అతుక్కుంటుంది. మీకు నప్పేది నడి పాపిడి నుంచి రెండువైపులా విడిపోయే కర్టెన్ ఫ్రింజ్. నుదుటి అంచు నుంచి 4–5 సెంటీమీటర్లు వెనక్కి ఒక త్రికోణం విడదీయమనండి. దాని రెండు మూలలు కనుబొమల బయటి కొసలు దాటకూడదు, దాటితే కణతల దగ్గర ఖాళీ కనబడుతుంది. మొదటిసారి నడుమ పాయ ముక్కు కొస దాకా, పక్కలు దవడ దాకా ఉంచండి. నచ్చితే వారం తర్వాత ఇంకాస్త తగ్గించుకోవచ్చు. మొదటే కనుబొమ దాకా తీయించి, నచ్చకపోతే ఆ జుట్టు గడ్డం దాకా రావడానికి పది నెలలు పడుతుంది. నుదుటి అంచున సుడి ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే ఫ్రింజ్ ఒకవైపే తిరుగుతుంది, పక్క పాపిడే నయం.

ఫొటో తీసుకెళ్ళండి, కానీ మీలాంటి జుట్టు ఉన్నవాళ్ళది. ముందు, పక్క, వెనక మూడూ కనిపించాలి. వద్దనుకునే కట్ ఫొటో కూడా ఒకటి చూపిస్తే సగం గందరగోళం తీరుతుంది.

ప్రశ్న: తిరుమలలో తలనీలాలు సమర్పించి ఐదు నెలలైంది. మెడ మీద తోకలా దిగింది, పైన మాత్రం గుబురుగా నిలబడుతోంది. ఆఫీసుకు వెళ్ళాలంటే ఇబ్బందిగా ఉంది. మళ్ళీ గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నిజం కాదమ్మా. గుండు చేసినా కుదురు మారదు. కొత్త వెంట్రుక కొస మొద్దుగా తెగి ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, ఒత్తుగా తోస్తుంది, అంతే.

తల అంతటా జుట్టు దాదాపు ఒకే వేగంతో పెరుగుతుంది. మీకిప్పుడు ఎక్కడైనా సుమారు 6 సెంటీమీటర్లు ఉంటుంది. మెడ దగ్గర అంతే పొడవు కాలర్ దాటుతుంది, నడినెత్తి నుంచి మాత్రం చెవుల దాకా కూడా అందదు. అందుకే ‘అంతా సమంగా చేయండి’ అనకండి, పైనున్నది కూడా పోతుంది. ఇలా చెప్పండి: ‘నడినెత్తి, ముందు భాగం ముట్టుకోవద్దు. మెడ దగ్గర 2 సెంటీమీటర్లు ఉంచి, పైకి పోయేకొద్దీ పొడవులో కలపండి. చెవుల చుట్టూ అంచు మాత్రం శుభ్రం చేయండి.’ మెడ దగ్గర మెషిన్‌తో కాక కత్తెరతోనే చేయించండి. అంచు మెత్తగా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఇలా మెడ భాగమే తీయిస్తూ ఉంటే, చెవి పక్క జుట్టు గడ్డానికి అందేసరికి, అంటే గుండు నాటి నుంచి ఏడాది దాటేసరికి, చక్కటి బాబ్ కుదురుతుంది. ఈలోపు పక్క పాపిడి తీసి, తడి మీద చిటికెడు జెల్ రాసి, మెత్తటి హెయిర్ బ్యాండ్ పెట్టుకోండి.

ప్రశ్న: షాపులో ‘రెండో నంబర్ మెషిన్’ అంటాను. ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది. నడినెత్తిన సుడి దగ్గర జుట్టు ఎప్పుడూ లేచి ఉంటుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెద్ద క్లిప్పర్ దువ్వెనల్లో 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే 10, 4 అంటే 13. గడ్డం ట్రిమ్మర్లు చాలావాటిలో అంకె నేరుగా మిల్లీమీటర్లే, అక్కడ 2 అంటే దాదాపు చర్మం కనబడుతుంది. నంబర్ వదిలేసి ‘పక్కల 6 మిల్లీమీటర్లు’ అనండి. ఫేడ్ (కింద పొట్టిగా మొదలై పైకి పోయేకొద్దీ పొడవు పెరిగే కట్) అయితే ఎక్కడ మొదలవ్వాలో వేలితో చూపించండి, చెవి పైనా, కణత దగ్గరా అని. సుడి దగ్గర 2–3 సెంటీమీటర్లే ఉంచితే ముళ్ళలా నిలబడుతుంది. అక్కడ 5 సెంటీమీటర్లు వదిలితే సొంత బరువుకే వాలుతుంది. కత్తిరిస్తున్నంతసేపు ఫోన్‌లోకి తల వంచకండి, వెనక గీత వంకర పోతుంది.