కోతుల వెంట తిరగడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. అడవిలో కోతులు, చింపాంజీల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ చదువుకి ఉద్యోగాలుంటాయా? ఆడపిల్లని ఒంటరిగా అడవికి ఎలా పంపేది?

జవాబు: మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా. చింపాంజీల మీద పరిశోధనతో పేరు పొందిన జేన్ గుడాల్, 1960లో వాటి కోసం ఇప్పటి టాంజానియాలోని గోంబే అడవికి వెళ్తానంటే అధికారులు ఒంటరిగా ఉండనివ్వలేదు. మొదటి కొన్ని నెలలు తోడున్నది వాళ్లమ్మే! ఇప్పుడు మీరు వెళ్లక్కర్లేదు. సాధారణంగా జట్లుగా పనిచేస్తారు, అడవి తెలిసి, జంతువుల జాడ పట్టే ట్రాకర్లు వెంట ఉంటారు. అయినా వైద్యం, భద్రత ఏర్పాట్ల గురించి మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోమనండి.

గుడాల్‌కి అప్పటికి డిగ్రీ కూడా లేదు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయినట్టే. పరిశోధనే వృత్తిగా పెట్టుకుంటే పీహెచ్‌డీ దాకా చదవాలి. యూనివర్సిటీల్లో, వన్యప్రాణి సంరక్షణ సంస్థల్లో పని దొరుకుతుంది. కానీ పర్మనెంట్ పోస్టులు తక్కువ, చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. ఈ సంగతి దాచి లాభం లేదు.

అసలు పని ఎలా ఉంటుందో అమ్మాయికి తెలుసా? జంతువులు మనల్ని చూసి పారిపోకుండా ఉండటానికే నెలలు, కొన్ని జాతులకైతే ఏళ్లు పడుతుంది. ఇది మచ్చిక చేసుకోవడం కాదు, అవి మనల్ని పట్టించుకోవడం మానేయాలి. మన జలుబు కూడా చింపాంజీల ప్రాణం మీదికి తేవచ్చు కాబట్టి మాస్కుతో, దూరంగానే నిలబడాలి. ఆ తర్వాత ఒక జంతువుని ఎంచుకుని, అది పడుకున్నా, గోక్కున్నా, గడియారం చూసుకుంటూ రాసుకోవడమే. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేవే రాస్తే నోటుబుక్కు నిండా కొట్లాటలే ఉంటాయి, రోజులో ఎక్కువ భాగం గడిచే తిండీ నిద్రా కనిపించవు. ఈ చిక్కుని సరిచేసే పద్ధతులను 1974లో ఒక వ్యాసంలో వివరంగా చెప్పిన కోతుల పరిశోధకురాలు జీన్ ఆల్ట్‌మన్ డిగ్రీలో చదివింది లెక్కలు. అందుకే మీ అమ్మాయిని స్టాటిస్టిక్స్ ఇప్పట్నుంచే గట్టిగా నేర్చుకోమంటున్నాను. రేపు ఈ రంగం వదిలేసినా అది అన్నం పెడుతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. పిచుకో, కుక్కో, ఏదైనా సరే, రోజూ రెండు గంటలు, ఐదేసి నిమిషాలకోసారి అదేం చేస్తోందో వారంపాటు రాయమనండి. అప్పటికీ విసుగు పుట్టకపోతే, పీజీలో చేరేముందే ఏదైనా ప్రాజెక్టులో కొన్ని నెలలు ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేయనివ్వండి. కొన్నిచోట్ల ఖర్చులు మననే పెట్టుకోమంటారు, వసతి, జీతం సంగతి ముందే తేల్చుకోవాలి.