పొగ తగ్గినా తల దిమ్ము ఎందుకు?

ప్రశ్న: మా వంట రాక్షసి బొగ్గు మీదే. కుంపటి ఆరుబయట రాజేసి, పొగంతా పోయి నిప్పులు కణకణలాడాకే లోపలికి తెస్తాం. అయినా వంటయ్యేసరికి తల దిమ్ముగా, వికారంగా ఉంటోంది. బయటికొచ్చి కూర్చుంటే తగ్గిపోతోంది. కారణమేమిటి?

జవాబు: ఇవి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చిన లక్షణాలే కావచ్చు. బయటికి రాగానే తెరిపిన పడుతున్నారంటే అనుమానం మరింత బలపడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. పొగ ఆగిందంటే బొగ్గులోని తారు పదార్థాలు చాలావరకు పోయాయని మాత్రమే అర్థం. కింది నిప్పుల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ పైనున్న ఎర్రటి బొగ్గుల గుండా వస్తూ మోనాక్సైడ్‌గా మారుతుంది. నిప్పుల మీద సన్నగా ఆడే నీలి మంట ఆ మోనాక్సైడ్ కాలుతున్న మంటే. చల్లటి గిన్నె అడుగు తగిలి ఆ మంట ఆరితే, వాయువు కాలకుండానే గదిలోకి వస్తుంది. అది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

కాబట్టి వంటంతా ఆరుబయటే చేయండి. కుదరకపోతే పొగగొట్టం ఉన్న పొయ్యి తప్పనిసరి. కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు. కుంపటి అడుగు జల్లెడలో బూడిద నిండితే కిందినుంచి గాలి ఆడదు, రాజేసే ముందే దులపండి. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి కుంపటిని పడకగదిలో ఉంచడం ప్రాణాంతకం. నివురు కింద బొగ్గు తెల్లవార్లూ ఆ వాయువును వదులుతూనే ఉంటుంది. గదిలో నీళ్ల గిన్నె పెడితే విషం పీల్చుకుంటుందన్న మాట నమ్మకండి, అది నీటిలో దాదాపు కరగదు.

ఎవరైనా సొమ్మసిల్లితే ముందు బయటికి తెచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98 చూపించిందని ఊరుకోవద్దు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కిస్తుంది.

ప్రశ్న: పొగగొట్టం పెడితే ఇక భయం లేదా?

జవాబు: చాలా మేలు, కానీ పూర్తి రక్షణ కాదు. చైనాలోని యునాన్ రాష్ట్రం, షువాన్‌వెయ్‌లో పొగ ఎక్కువగా వచ్చే రాక్షసి బొగ్గు వాడే ఇళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ విపరీతం. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టుకున్న కుటుంబాల్లో అది బాగా తగ్గింది, అయితే ఆ తేడా స్పష్టంగా కనబడడానికి దాదాపు పదేళ్లు పట్టింది. శుద్ధి చేయని బొగ్గును ఇళ్లలో వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. వీలైన రోజున గ్యాస్‌కో కరెంటు పొయ్యికో మారడమే మా సలహా.

అందాకా గొట్టం కొస ఇంటికప్పు శిఖరం కన్నా కనీసం రెండడుగులు ఎత్తులో ఉండాలి. వంపులు ఎన్ని తక్కువైతే అంత మంచిది. అతుకుల దగ్గర మసి చారలు కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే, మట్టితో మెత్తండి. పొయ్యి రాజుకున్నాక పొగలు వచ్చే కాగితపు చుట్టను పొయ్యి నోటి దగ్గర పట్టండి. పొగ లోపలికి లాగకుండా మీవైపు తిరిగితే గొట్టం మసితో పూడుకుపోయి ఉండవచ్చు. అది శుభ్రమయ్యేదాకా ఆ పొయ్యి వెలిగించకండి.