స్నేహితురాలికి తద్దినం ఉండదు, మరి తనని గుర్తుపెట్టుకునేదెలా?

మీ ప్రశ్న చదివాను. ప్రాణ స్నేహితురాలు పోయి ఏడాది దాటిందని, ఇంట్లో వాళ్ళు "ఇంకా ఎన్నాళ్ళిలా" అంటున్నారని, తనని ఎలా గుర్తుపెట్టుకోవాలో తెలియట్లేదని రాశారు. నాదీ ఇదే కథ, బెంగళూరులోనే. మడివాళలో ఒక పీజీ గదిలో మొదలైన స్నేహం మాది. తనది హిందూపురం దగ్గర పల్లె, నాది కడప. పెళ్ళిళ్ళయ్యాక కూడా పట్టుబట్టి దగ్గర దగ్గర వీధుల్లోనే ఇళ్ళు చూసుకున్నాం. తను కేన్సర్‌తో పోయింది. ఆ భాగం ఇక్కడ రాయను.

స్నేహితులు పోయినప్పుడు మనం చేయాల్సిన పని అంటూ ఎవరూ చెప్పరు. మైల ఉండదు. పదకొండో రోజు మనం వెళ్ళి ఒక మూల కూర్చుని, భోంచేసి వచ్చేస్తాం. సంవత్సరీకం వాళ్ళింటి వాళ్ళు పెట్టుకుంటారు. ఆఫీసులో లీవు అడిగితే "మీకేమవుతారు?" అన్నారు. ఫ్రెండ్ అన్నాను. ఆ లీవు దగ్గరి బంధువులకేనట. జ్వరమని పెట్టుకున్నాను. సొంతవాళ్ళు పోతే ఊరంతా పలకరించడానికి వస్తుంది, మనకి మాత్రం ఒక్క "అయ్యో"తో సరి.

పద్ధతుల మీద నమ్మకం ఉంటే ఒక దారి ఉంది. భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షంలో తర్పణాలు వదిలేటప్పుడు తండ్రి, తాతలతో ఆగిపోరు. అత్తమామలు, గురువులు, స్నేహితులు కూడా ఆ వరసలో వస్తారు. మా ఆయన వాళ్ళ నాన్నగారికి చేస్తుంటే పురోహితుడు గారే ఈ మాట చెప్పారు. తన గోత్రం నాకు తెలీదు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పొచ్చు అన్నారాయన. నాకు మనసొప్పక వాళ్ళమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నాను. అప్పటి నుంచి ఏటా మహాలయ అమావాస్య నాడు మా ఇంట్లో తన పేరు కూడా వినిపిస్తుంది. కర్ణాటకలో ఆ రోజు ప్రభుత్వ సెలవు కూడా కాబట్టి అందరం ఇంట్లోనే ఉంటాం.

నమ్మకం లేకపోతే ఇది వదిలేయండి, ఏమీ కాదు. ఫోన్ సంగతి మాత్రం వదలొద్దు. తన వాయిస్ మెసేజ్‌లు మీ వాట్సాప్‌లో ఉంటే ఈ రోజే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో చోట దాచుకోండి. మీ ఫోన్ పోయిందంటే అవీ పోతాయి. తన నంబరుకి రీఛార్జ్ ఆపేస్తే కొన్నాళ్ళకి కట్ అవుతుంది, కట్ అయిన నంబరుని 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. వాట్సాప్ అకౌంట్ కూడా 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు. తన పేరు పక్కన ఎవరో తెలియని మనిషి ఫొటో కనబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకు వద్దు. ఫేస్‌బుక్‌కి మరణ ధ్రువీకరణ పత్రం పంపితే ప్రొఫైల్‌ని స్మారకంగా మారుస్తారు, పుట్టినరోజు రిమైండర్లు ఆగిపోతాయి. అది వాళ్ళింటి వాళ్ళని అడిగే చేయండి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళండి.

వాళ్ళమ్మకి తెలిసింది ఇంటర్ దాకా ఉన్న పిల్ల. ఆ తర్వాత హాస్టలు, బెంగళూరు, ఉద్యోగం, అన్నీ ఫోన్లో "బాగున్నానమ్మా" అన్నంత వరకే. పెళ్ళికి ముందు ఇక్కడ గడిచిన రోజులన్నీ నా దగ్గరే ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలో తెలీక బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆమే అడిగింది, "ఆడ పొద్దున్నే ఏం తినేదమ్మా?" అని. చెప్పాను. చలికి రగ్గు ఉండేదా, జీతం వచ్చిన రోజు ఏం కొనుక్కునేది, ఎవరితోనైనా కొట్లాడేదా అని ఒకటే ప్రశ్నలు.

కొట్లాడేది. బీఎంటీసీ బస్సుల్లో చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనకాల బాకీ రాసిస్తాడు, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. మనలో చాలామంది రూపాయో రెండో కదా అని దిగిపోతాం. తను మాత్రం ఫుట్‌బోర్డు మీద నిలబడి, తన కన్నడంలో సగం తెలుగు కలిపి, ఆ రూపాయి చేతిలో పడేదాకా బస్సుని కదలనిచ్చేది కాదు. వెనక ఆటోలు హారన్ కొడుతుంటే నేను తల దించుకుని నిలబడేదాన్ని. ఇది చెప్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాళ్ళ నాయన కూడా అంతే" అంది.

చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో తల దువ్వుకుంటూ "సిల్క్ బోర్డు దాటేశా" అని ఫోన్లో చెప్పగల మనిషి తను. నా చీరలు కట్టుకెళ్ళి మరకలతో తెచ్చేది. అప్పిస్తే వారం తిరక్కుండా గుర్తుచేసేది. ఇవన్నీ తీసేసి "చాలా మంచిది, అందరికీ సాయం చేసేది" అంటే ఆ మాట ఎవరి ఫొటో కిందైనా రాయొచ్చు.

వాళ్ళ పాప ఇక్కడే నాన్నతో ఉంటుంది. కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలేకాయి పరిషెకి, అంటే శెనక్కాయల జాతరకి, దాన్ని తీసుకెళ్తాను. మీరు చూసే ఉంటారు, బుల్ టెంపుల్ రోడ్డంతా శెనక్కాయల రాశులే. పూర్వం ఆ చుట్టుపక్కల పొలాల్లో ఒక ఎద్దు పడి శెనక్కాయ పంట తినేస్తుంటే, రైతులు బసవన్నకి తొలి పంట ఇస్తామని మొక్కుకున్నారని కథ. తనది అనంతపురం వైపు కదా, శెనక్కాయల మీద మాట పడనిచ్చేది కాదు. పచ్చికాయ ఒకటి వలిచి నోట్లో వేసుకుని, "దీన్ని కాయంటారా?" అని అమ్మేవాడి ముందే అనేసేది. ఆ తర్వాత సంచి నిండా కొనేది. పోయిన ఏడాది పాప అచ్చం అలాగే నాలుగు బండ్ల దగ్గర వలిచి చూసి ఏదీ బాలేదంది. వాళ్ళమ్మ ఏమనేదో చెప్తే, "అయితే అమ్మ కరెక్టే" అంది, వేయించినవి కొనివ్వమంది.

మీ ఇంట్లో వాళ్ళ మాట గురించి నేను పెద్దగా చెప్పలేను. మా ఇంట్లోనూ అన్నారు, ఇప్పుడు అనడం లేదు. వాళ్ళతో వాదించే ఓపికని తన వాళ్ళింటికి వెళ్ళడానికి దాచుకోండి.

వెళ్ళేటప్పుడు పండగలూ తిథులూ చూసుకోకుండా మామూలు రోజు వెళ్ళండి, ఆ రోజుల్లో వాళ్ళిల్లు బంధువులతో నిండి ఉంటుంది, మాట్లాడే వీలుండదు. మీ ఫోన్లో తను ఉన్న పాత ఫొటోలు కొన్ని ప్రింట్ తీయించి పట్టుకెళ్ళండి, ముఖ్యంగా తను సరిగ్గా పడనివి. ముందు ఫోన్ చేయండి, కానీ మధ్యాహ్నానికి వస్తున్నానని మాత్రం చెప్పకండి. పొద్దున్నే లేచి ఓళిగలు మొదలుపెట్టేస్తారు.